రెండు చాపల గదిలో గురుపరంపర

గృహాంతర్భాగములను తీర్చిదిద్దు శిల్పుల పనిని చూచి ప్రేరణ పొందవలెనను కోరిక నేడు మనలో పెక్కుమందికి కలదు. పత్రికలలోని చిత్రములను కత్తిరించి దాచుకొనువారును, బంధువుల యింట చూచిన గోడరంగును తమ యింటికి రప్పించుకొనువారును ప్రతి యూరను కానవచ్చుచునే యున్నారు. ఆ కోరిక మెచ్చదగినదే. అయినను ఒక శిల్పి పనినుండి మరియొకడు గ్రహింపవలసినది యేది యను ప్రశ్నకు, నాకు తెలిసినంతలో, జపాను దేశపు తేనీటి గదుల చరిత్ర యొసగునంత స్పష్టమైన సమాధానమును మరియే దేశపు గృహశిల్పమును ఒసగజాలదు. అచట శిష్యుడు గురువును దైవమువలె కొలిచెను గాని, గురువు కట్టిన గదివంటి గదిని తనదని చెప్పి కట్టలేదు. ఈ రెండును ఒకే భక్తికి రెండు ముఖములని నా విశ్వాసము.

క్యోటో, ఒసాకా నగరముల నడుమ యమజాకి యనుచోట మ్యోకీఆన్ అను బౌద్ధాలయమున తైఆన్ అను పేరుగల చిన్నగది యొకటి కలదు. 1582 ప్రాంతమున సెన్ నో రిక్యూ దీనిని రూపొందించెనని పరంపరగా చెప్పుదురు. జపాను ప్రభుత్వము దీనిని జాతీయనిధిగా పరిగణించినది. రిక్యూ 1522వ సంవత్సరమున సకాయి రేవుపట్టణమున వర్తకకుటుంబమున జనించి, తేనీటి సేవను ఒక మహావిద్యగా తీర్చి, హిదెయోషి యను ప్రభువునకు ఆచార్యుడై, తుదకు 1591లో ఆ ప్రభువు ఆజ్ఞచేతనే ప్రాణత్యాగము చేసికొనవలసివచ్చిన మహనీయుడు. తైఆన్‌లో అతిథులును ఆతిథేయుడును కూర్చుండు చోటు రెండే రెండు తతామి చాపల మేర. ఒక్కొక్క చాప ఇంచుమించు ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. అనగా ఆరడుగుల చదరములో ఒక కుంపటి, ఒక కెటిలు, ఇద్దరు ముగ్గురు మనుష్యులు.

ఇంత యిరుకుచోట ఊపిరాడుటెట్లని తోచును. రిక్యూ విద్య అంతయు ఇచటనే యున్నది. గదికి ఒకవైపున, చిత్రపటమును గాని పూవును గాని ఉంచుటకై గోడ లోనికి దిగిన గూడు కలదు. సాధారణముగా అట్టి గూటి మూలలయందు స్తంభములు కనబడుచుండును. తైఆన్‌లో ఆ మూలలను, పైకప్పును సైతము, మట్టితో గుండ్రముగా మెత్తివేసిరి. మూల యెచట ముగిసినదో తెలియనప్పుడు లోతు ఎంతయో కన్ను కొలువలేదు. నీడ నిండిన ఆ గూడు ఉన్నదానికంటె ఎంతో లోతుగా తోచును. కుంపటి ప్రక్కనున్న మూలస్తంభమును గూడ అట్లే మట్టిలో దాచిరి. పైకప్పును మూడు భాగములు చేసి, ఒక భాగమును వాలుగా వదలుటచే, తలయెత్తి చూచినవానికి ఒకే గదిలో మూడు ఎత్తులు కానవచ్చును. ద్వారము సుమారు రెండున్నర అడుగుల ఎత్తే. ఇట్టి గదులలోనికి ఎంతటి సామంతుడైనను ఖడ్గమును వెలుపల వ్రేలాడదీసి, మోకాళ్ళపై లోనికి జరిగి రావలసినదే. అట్లు వంగి వచ్చి తలయెత్తినవానికి గది పెద్దదిగా కనబడుననుట శరీరధర్మము.

గోడల సంగతి కొంత విస్తరించి చెప్పవలెను. ఏలయన ఈ సంప్రదాయమునకు ప్రాణము గోడలోనే కలదు. వెదురు దబ్బలను నిలువుగను అడ్డముగను పేర్చి గడ్డిత్రాళ్ళతో బిగించి తడిక కట్టుదురు. వరిగడ్డిని తరిగి మట్టిలో కలిపి, నీరు పోసి త్రొక్కి, గడ్డి మురిగి మన్ను జిగురెక్కువరకు నాననిత్తురు. పిదప ముతకపూత, నడిమిపూత, పైపూత యని మూడు విధముల పూతలు వరుసగా వేయుదురు. ఒక్కొక్కటి ఆరినగాని మరియొకటి వేయరు. మన పల్లెలయందు తడికలకు మన్ను మెత్తి అలికిన తల్లులు ఈ పనిని చూచినచో క్రొత్తయని అనుకొనరు. తైఆన్ గోడలు మాత్రము పైపూత నునుపును కోరక, గడ్డిపోచలు పైకి కనబడునట్లే నిలుపబడినవి. క్యోటోలో హిదెయోషి భవనమైన జురాకుదై పరిసరముల మన్ను తరువాతి కాలమున మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది. కొందరు తాపీపనివారు పైపూతలో ఇనుపరజను కలుపుదురు. పూసిన దినమున అది కానరాదు. ఏండ్లు గడచినకొలది గాలిలోని తేమకు ఆ రజను త్రుప్పుపట్టి, గోడపై గోధుమవన్నె చుక్కలు ఒక్కొక్కటిగా మేల్కొనును. గృహస్థునితోపాటు గోడకును వయస్సు వచ్చునట్లు ముందుగనే యోచించిన ఆ పనివాని దూరదృష్టికి నేను ఎల్లప్పుడును నమస్కరింతును.

కిటికీయు ఇట్టిదే. గోడ మెత్తునప్పుడు ఒకచోట మన్ను వేయక విడిచినయెడల, లోపలి వెదురుతడికయే కిటికీ చట్రమగును. దాని వెనుక పలుచని కాగితపు తలుపు జరుపుదురు. వెలుతురు వచ్చును, దృశ్యము రాదు. ఎచట విడువవలెను, ఎంత విడువవలెను అనుటయే శిల్పి ప్రజ్ఞ. రిక్యూను గూర్చి యొక కథ చెప్పుదురు. పూలబుట్టను తగిలించుటకు మేకు కొట్టవలసిన చోటును ఆయన వడ్రంగికి చాలసేపు యోచించి చూపెనట. వడ్రంగి రహస్యముగా ఒక గుర్తు పెట్టుకొని, చోటు మరచితినని నటించి మరల అడుగగా, ఆయన మరల చాలసేపు చూచి సరిగా ఆ గుర్తునే చూపెనట. కథ నిజమో కాదో యెట్లున్నను, ఆ వృత్తిలోనివారు దేనిని గొప్పగా ఎంచిరో దీనివలన విశదమగుచున్నది.

రిక్యూకు పూర్వము తేనీటిగదులు లేకపోలేదు. క్యోటోలోని గింకకుజి ఆలయమున 1486 నాటి నాలుగున్నర చాపల గది యొకటి నేటికిని నిలిచియున్నది. రిక్యూ కాలముననే, 1586లో, హిదెయోషి మూడు చాపల గది నొకదానిని బంగారు రేకుతో పొదిగించి, విప్పి మోయుటకు వీలుగా చేయించి, చక్రవర్తి భవనమున నిలిపెను. రిక్యూ మట్టిగదిని పొగడువారు ఈ బంగారు గదిని నిందించుట పరిపాటియై యున్నది. నా కది న్యాయముగా తోచదు. దీపపు వెలుతురులో, కాగితపు తలుపుల వెనుక, బంగారము సైతము ముదురు నీడలోనికి ఒదిగిపోవును; మట్టి, బంగారము అను రెండు తీరులును వెలుతురును మందగింపజేయు మార్గములే.

ఇక శిష్యుని సంగతి. ఫురుతా ఒరిబె (1544–1615) యోధుడు, రిక్యూ ప్రియశిష్యులలో ఒకడు. గురువు చీకటిని ప్రేమించెను. శిష్యుడు కిటికీలను పెంచెను. గురువు అతిథుల నందరిని ఒకే వరుసలో కూర్చుండబెట్టెను. శిష్యుడు, దైమ్యోలనబడు సామంతప్రభువుల కాలమునకు తగినట్లు, పరివారము కూర్చుండుటకు వేరుగా ఒక చాప అమర్చి, నడుమ జరుపు తలుపులు పెట్టెను. క్యోటోలోని యాబునొఉచి వంశీయుల ఎన్నాన్ అను గదిలో ఈ రెండును చూడవచ్చును. ఒకే గోడపై రెండు కిటికీలను పరిమాణభేదముతో, ఒకదాని కొకటి తప్పించి అమర్చుట ఆయన మెచ్చిన పద్ధతి. నారా మ్యూజియము ఉద్యానవనమున ఆయన అభిరుచికి చెందినదని చెప్పబడు ఎనిమిది కిటికీల గదియు కలదు. ఇది గురుద్రోహము కాదు. రిక్యూ వెలుతురును ఎట్లు కొలువవలెనో నేర్పెను. ఒరిబె ఆ కొలకఱ్ఱను పుచ్చుకొని మరియొక పొడవును కొలిచెను. ఆయనయు గురువువలెనే పాలకుని యాజ్ఞచే ప్రాణత్యాగము చేయుట ఆ కాలపు క్రౌర్యము.

ఒరిబె శిష్యుడు కొబొరి ఎన్షూ (1579–1647). ఈ ముగ్గురిలో నాకు అత్యంత ప్రీతిపాత్రమైన గది యీయనదే. దైతొకుజి ఆలయసముదాయములోని కోహోఆన్‌లో బోసెన్ అను పన్నెండు చాపల గది కలదు. అది పడమటి ముఖము. మధ్యాహ్నము దాటినపిమ్మట సూర్యుడు ఎదుటనుండి లోనికి దూసికొనివచ్చుట నిశ్చయము. ఎన్షూ తెర దించలేదు, గోడ మూయలేదు. వసారా అంచున, పైసగమునకు మాత్రము కాగితపు తలుపులను అమర్చి, క్రిందిసగమును తెరచియుంచెను. నేరుగా వచ్చు ఎండ కాగితముచే వడకట్టబడి మెత్తనగును. క్రింది తెరపిలోనుండి తోటయు, రాతి నీళ్ళతొట్టియు మాత్రమే కనబడును. వంగి ప్రవేశించు చిన్నద్వారము ఇచట లేదు. అయినను వసారానుండి వచ్చువాడు ఆ తలుపుల క్రిందుగా వంగియే రావలెను. పైకప్పు పలకలను ఇసుకతో రుద్ది, నారలు తేలునట్లు చేసి, శంఖచూర్ణపు తెలుపును పూసిరి. సాయంకాలమున తొట్టినీటిపై పడిన యెండ క్రిందినుండి లోనికి ఎగసి, ఆ తెల్లని పలకలపై కదలాడును. ఇట్లు పడమటి యెండ యను శత్రువునే గదికి దీపముగా మార్చిన యుక్తి గృహశిల్ప చరిత్రలో అరుదు. 1793లో ఈ భవనము అగ్నికి ఆహుతికాగా, మత్సుఎ ప్రభువును తేనీటివిద్యా కోవిదుడును అగు మత్సుదైర ఫుమై దానిని మరల కట్టించుటకు తోడ్పడెను.

మరల కట్టుట యనగా, వీరు అనుకరణమును నిషేధింపలేదని గ్రహింపవలెను. దానికొక శాస్త్రమునే యేర్పరచిరి. ప్రసిద్ధమైన గదులను కాగితముపై నిలుపు పద్ధతి యొకటి, జపాను చరిత్రలో ‘ఎదో’ యని పిలువబడు యుగమున, బహుళముగా వ్యాపించెను: నేలపటము నొక కాగితముపై వ్రాసి, నాలుగు గోడలను వేరు కాగితములపై కొలతలతోడను, కిటికీలతోడను, కొయ్యపేర్లతోడను వ్రాసి, ఆయా అంచులకు మడతలుగా అతికింతురు. మడచినచో అది యొక పత్రము. గోడలను లేవనెత్తినచో అరచేతిలో గది. దీనిని చూచి కట్టినవాడు గది తనదని చెప్పుకొనడు. ఫలానావారి గదికి ప్రతియని పేరుతో చెప్పును. ఈ నిజాయితీకి దక్కిన ఫలము ఆశ్చర్యకరము. ఎన్నాన్ మూలగృహము 1864లో క్యోటో నగరమును దహించిన అగ్నిలో నశించెను. అంతకుముందే సెత్సు ప్రాంతమున కొలతలు తప్పక కట్టిన ప్రతి యొకటి యుండగా, దానిని విప్పి తెచ్చి మూలస్థానమున నిలిపిరి. నేడు ఎన్నాన్ అని చూపునది ఆ ప్రతియే.

ఇరువదవ శతాబ్దమున యోషిదా ఇసోయా (1894–1974) ఈ సంప్రదాయమును నగరగృహములకు తెచ్చెను. జపాను గదికి అలంకారమని యెంచబడు స్తంభములనే ఆయన గోడలలో దాచివేసి, కావలసినచోట మాత్రము చూపెను. విమర్శకులు దీనిని సాహసమనిరి. తైఆన్ మూలలను తలచుకొన్నప్పుడు నాకు అది పాతబాటలోని మరియొక అడుగుగా కానవచ్చును.

విదేశీయులలో దీనిని లోతుగా అర్థము చేసికొన్నది ఫ్రెంచి శిల్పిని షార్లోత్ పెరియాఁ (1903–1999). 1928లో ల కార్బూజియె, పియేర్ జానరే అనువారితో కలిసి ఉక్కుగొట్టముల వాలుకుర్చీని రూపొందించి ఆమె ప్రఖ్యాతి గడించెను. (ఈ జానరేయే పిదప చండీగఢ్ నగర నిర్మాణమున సంవత్సరముల తరబడి శ్రమించినవాడు.) 1940లో జపాను ప్రభుత్వము ఆమెను హస్తపరిశ్రమలకు సలహాదారుగా ఆహ్వానించెను. ఆమె దేశమంతయు తిరిగి, బుట్టలల్లువారిని, వడ్రంగులను చూచి, మరుసటి సంవత్సరము తకషిమాయా విపణిశాలలో ప్రదర్శనము నెరపెను. అందు ఆ వాలుకుర్చీయే వెదురు దబ్బలతో మరల పుట్టెను. ఉక్కు ఇచ్చు స్థితిస్థాపకతను వెదురు తనదైన రీతి నిచ్చును గనుక, ఆకారము స్వల్పముగా మారి, సుఖము నిలిచినది. తేనీటిగదిని ఆమె నకలు చేయలేదు. ఏ దేశమున ఏది పండునో దానితో పనిచేయుటను నేర్చుకొని, 1993లో తన తొంబదియవ యేట, పారిస్‌లోని యునెస్కో ఆవరణమున వెదుళ్ళతో తనదైన తేనీటి గృహము నొకదానిని నిలిపెను.

తెలుగునాట జపానుతీరు గదులు కావలెననువారు కాగితపు తలుపును, వెదురుచాపను, పొట్టిబల్లను కొనితెత్తురు. గుంటూరులోనో కరీంనగరులోనో పడమటి గదికి వైశాఖమాసమున అవి చేయు మేలు స్వల్పమే. ఎన్షూ వద్ద తీసికొనదగినది ఆ తలుపు కాదు, దాని ఎత్తు. నేలపై కూర్చుండి, ఎండ ఏ వేళకు ఏ ఎత్తునుండి కన్నులకు తగులుచున్నదో గోడపై సుద్దతో గుర్తింపవలెను. ఆ గుర్తుకు పైభాగమును వట్టివేళ్ళ తడికతో గాని, నేత గుడ్డతో గాని కప్పి, క్రిందిభాగమున గాలిని, ముంగిటి చెట్టును రానీయవలెను. చైత్రమునుండి జ్యేష్ఠమువరకు ఆ గుర్తు మారుచుండును. కావున ఒక్కదినపు గుర్తుతో తొందరపడక, మూడు నెలల గుర్తులను చూచుకొన్న పిమ్మటనే వడ్రంగిని పిలువవలెను.