పతకానికి ముందటి ఖర్చు

పిల్లల ఆటకు అయ్యే ఖర్చు మూడు రకాలు. మొదటిది కోచింగ్ ఫీజు, కోర్టు ఫీజు, ఈతకైతే కొలను ఫీజు. రెండోది సామగ్రి: బూట్లు, రాకెట్, బ్యాటు, జెర్సీ. మూడోది ఏ రసీదులోనూ కనిపించదు. గ్రౌండుకు రోజూ పోనురాను ఛార్జీలు, సాధన చేసే ఒంటికి కావలసిన పాలు, గుడ్లు, పోటీలకు బిడ్డ వెంట వెళ్లిన రోజున తల్లికో తండ్రికో పోయే కూలి ఇందులోకి వస్తాయి. ఫీజు మాఫీ చేసినా చాలామంది పిల్లలు మధ్యలో మానేయడానికి కారణం ఈ మూడో ఖర్చే.

భారం ఆటను బట్టి మారుతుంది. కబడ్డీ, ఖోఖో, పరుగు ఊరి బడి ఆవరణలోనే మొదలుపెట్టవచ్చు. బ్యాడ్మింటన్‌లో ఈకల షటిల్ ఒక్క గేము ముగియకుండానే పాడైపోవచ్చు. విలువిద్యలో పెద్ద పోటీలకు వాడే రికర్వ్ విల్లు ధర లక్షల్లో ఉంటుంది. అందుకే పేదింటి బిడ్డ ఏ ఆట ఆడాలన్నది ఒంటి తీరు కంటే ముందు ఇంటి ఆదాయం తేల్చేస్తుంది.

ఈ భారాన్ని పంచుకునే ఏర్పాట్లలో మొదటిది వసతితో కూడిన క్రీడా పాఠశాల. హైదరాబాద్ శివార్లలోని హకీంపేట పాఠశాల 1993లో, కడప పాఠశాల 2006లో మొదలయ్యాయి. వీటిలో పిల్లలను నాలుగో తరగతి నుంచే చేర్చుకుంటారు. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్లు, 800 మీటర్లు పరుగెత్తిస్తారు. నిలుచున్న చోటి నుంచి దూకిస్తారు, మెడిసిన్ బాల్ విసిరిస్తారు. ఎంపికైన వారికి చదువు, తిండి, బస, శిక్షణ అన్నీ అక్కడే. ముందుగా కోచింగ్ తీసుకోని బిడ్డ కూడా నెగ్గగలిగే పరీక్ష కావడం ఈ పద్ధతిలోని మేలు. సీట్లు తక్కువ కావడం, అంత చిన్న వయసులో బిడ్డను హాస్టల్‌కు పంపాల్సి రావడం దీని పరిమితులు.

కేంద్ర ప్రభుత్వ సాయం మెట్లు మెట్లుగా ఉంటుంది. స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా నడిపే నేషనల్ స్పోర్ట్స్ టాలెంట్ కాంటెస్ట్ పథకం 8 నుంచి 14 ఏళ్ల పిల్లల కోసం పెట్టింది. ఖేలో ఇండియా కింద ఎంపికైన క్రీడాకారుడిపై ఏడాదికి 6.28 లక్షల రూపాయల వరకు ఖర్చు చేస్తారు. అందులో 1.20 లక్షలు, అంటే నెలకు 10,000 రూపాయలు, చేతిఖర్చుల భత్యం. మిగతాది శిక్షణ, తిండి, బస, చదువు వంటి వాటికి. 2014లో మొదలైన టాప్స్ పథకం ఒలింపిక్ పతకం ఆశించే వారిది. అందులో ప్రధాన జాబితాలోని వారికి నెలకు 50,000, ఎదుగుతున్న వారి జాబితాలో ఉంటే 25,000 రూపాయల భత్యం అందుతుంది. మెట్టు పెరిగేకొద్దీ సాయం పెరుగుతుంది, కానీ ఆ మెట్టు దాకా ఎక్కించే ఖర్చు కుటుంబం మీదే పడుతుంది.

మూడో దారి సంస్థలది. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ డబ్బు వెచ్చించదగిన పనుల్లో గ్రామీణ క్రీడలు, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడల శిక్షణ కూడా ఉన్నాయి. ప్రకాశ్ పదుకొనె, గీత్ సేఠీ స్థాపించిన ఒలింపిక్ గోల్డ్ క్వెస్ట్, బెంగళూరులోని గోస్పోర్ట్స్ ఫౌండేషన్ దాతల సాయంతోనే క్రీడాకారులకు అండగా నిలుస్తున్నాయి.

ఇన్ని ఏర్పాట్లున్నా ఖాళీ ఎక్కడుందో వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి ప్రస్థానం చూపిస్తుంది. తల్లిదండ్రులు కూలి పనులు చేసుకునేవారు. ఆమె పరుగును గుర్తించిన కోచ్ నాగపురి రమేశ్ శిక్షణకు హైదరాబాద్ పంపమన్నప్పుడు బస్సు ఛార్జీలకు కూడా ఆ ఇంట్లో డబ్బు లేదు. కోచ్ పూనుకోబట్టే ప్రయాణం సాగింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం గలవారి) విభాగంలో ఆమె కాంస్యం గెలిచాక తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో ఇంటి స్థలం ప్రకటించింది. ఆ గౌరవానికి ఆమె పూర్తిగా అర్హురాలు. అయితే ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది కోటి రూపాయలు కాదు, అంతకు ఎన్నో ఏళ్ల ముందు సమయానికి అందిన బస్సు ఛార్జీ. అలాంటి కోచ్ కంటపడని పిల్లలకు ఆ ఛార్జీ ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న.

పతకంతో పనిలేకుండా సాయం చేసే పద్ధతి కూడా ఉంది. జర్మనీలో ప్రభుత్వ సాయంపై బతికే కుటుంబాల పిల్లలకు క్లబ్బు రుసుము వంటి వాటికి 2011 నుంచి నెలకు 10 యూరోలు ఇచ్చారు, 2019లో దాన్ని 15 చేశారు. మొత్తం చిన్నదే. బిడ్డ గెలుస్తుందా అని అడగరు, ఆడాలనుకుంటే చాలు.

తెలుగు రాష్ట్రాల్లో తొలి మెట్టు సాయానికి కావలసినవి స్పష్టమే. ఖర్చు పెట్టాక బిల్లులు తిరిగి ఇవ్వడం కాక, పోటీకి ముందే డబ్బు అందాలి, ఎందుకంటే ముందు పెట్టుకోగలిగిన కుటుంబానికే ఆ బిల్లు ఉంటుంది. బూట్లు, పోషకాహారం, బస్సు పాసు బడిలోనే అందాలి. గాయపడిన బిడ్డకు వైద్యం ఖర్చు ఆ సాయంలోనే కలిసి ఉండాలి. ఆడపిల్లల ప్రయాణానికి తోడు వచ్చే పెద్దల ఛార్జీని కూడా లెక్కించాలి. ఎవరికి ఏది అవసరమో రోజూ చూసేది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ). ఆయన సిఫారసుకు విలువ, ఆయన చేతిలో కొంత నిధి ఉంటే సాయం నాలుగో తరగతి బిడ్డ దాకా చేరుతుంది.