రీలుకు డబ్బు మిగిల్చే కెమెరా

ఫిల్మ్ ఫొటోగ్రఫీ నేర్చుకోవాలని ముచ్చటపడే కుర్రకారు ముందుగా అడిగేది ఒకటే: ఏ కెమెరా కొనాలి? పేర్ల జాబితా చదివి జవాబు చెప్పడం తేలిక. కానీ చేతిలో ఉన్న డబ్బు కొద్దిపాటిదైతే ముందు ఆలోచించాల్సింది, కెమెరా కొన్నాక ఎంత మిగులుతుందన్నది. ఈ విద్య రీళ్ళు తీస్తేనే వస్తుంది. ఒక కలర్ రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి వెయ్యి రూపాయలు దాటడం ఇవాళ మామూలే. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము తయారుచేసిన రోజులు పోయాయి. ఇప్పుడు కోడాక్ అమెరికా నుంచి, ఇల్ఫర్డ్ ఇంగ్లండు నుంచి, ఫోమా చెక్ దేశం నుంచి రావలసిందే. అందుకని సూటిగా చెబుతున్నాను. ఉన్న డబ్బులో సగమే కెమెరాకూ లెన్సుకూ పెట్టండి. మిగతా సగం సర్వీసింగుకూ, మొదటి అయిదారు రీళ్ళకూ అట్టిపెట్టుకోండి.

ఈ లెక్కలో ఇమిడేది సెకండ్ హ్యాండ్ 35 ఎం.ఎం. ఎస్సెల్లార్ (సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్). 1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి వచ్చిన కైనే ఎగ్జాక్టా ఈ తరహా కెమెరాల్లో తొలినాటిది. 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ ఎస్సెల్లార్‌ను పత్రికా ఫొటోగ్రాఫర్ల పనిముట్టుగా నిలబెట్టింది. 1970లలో పెంటాక్స్, కానన్, మినోల్టా, ఒలింపస్, యాషికా పోటీలు పడి లక్షల సంఖ్యలో తయారుచేశాయి. అన్ని తయారయ్యాయి కాబట్టే, ఫిల్ము దాదాపు కనుమరుగైన ఈ కాలంలోనూ అవి అందుబాటు ధరలో దొరుకుతున్నాయి.

ఎస్సెల్లార్ పనితీరు చూస్తే, నేర్చుకునేవాళ్ళకు ఇదే ఎందుకు సరైనదో అర్థమవుతుంది. లెన్సు వెనక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుతురు దాని మీద పడి పైకి మళ్ళి, పెంటాప్రిజంలో మలుపులు తిరిగి కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం లేస్తుంది, షట్టరు తెరలు కదులుతాయి, ఫిల్ము మీద వెలుగు పడుతుంది, అద్దం మళ్ళీ దిగుతుంది. మీరు ఏ లెన్సులోంచి చూశారో ఫిల్ము కూడా ఆ లెన్సులోంచే చూస్తుంది. ఫోకస్ ఎక్కడ కుదిరిందో, ముఖం వెనక గోడ ఎంత మసకబారిందో బొమ్మ తీయకముందే కంటికి తెలుస్తుంది. చాలా కెమెరాల్లో వ్యూఫైండర్ నడుమ చిన్న వృత్తం, దాన్ని రెండు ముక్కలు చేసే గీత ఉంటాయి. తలుపు అంచునో స్తంభాన్నో ఆ వృత్తంలోకి తెచ్చుకుని ఫోకస్ రింగు తిప్పితే, విరిగి పక్కకు జరిగినట్టున్న అంచు మెల్లగా ఒకదాని కిందకు ఒకటి వచ్చి అతుక్కుంటుంది. అతుక్కుందంటే ఫోకస్ కుదిరినట్టే.

ఏవి చూడాలి

మొదటి కెమెరాగా పూర్తి మెకానికల్ షట్టరు ఉన్నదాన్నే నేను సిఫార్సు చేస్తాను. బ్యాటరీ అయిపోయినా అది పనిచేస్తుంది, చెడినా బాగుచేసేవాళ్ళు ఇంకా ఉన్నారు. వీటిలో పేరెన్నికగన్నది పెంటాక్స్ కె1000. 1976 నుంచి 1997 దాకా తయారైంది. సెల్ఫ్ టైమరు కూడా లేనంత సాదా కెమెరా. వ్యూఫైండర్‌లో ఒక ముల్లు కదులుతుంది, అది మధ్యలోకి వచ్చేదాకా అపర్చర్‌నో షట్టర్ స్పీడ్‌నో మార్చాలి, అంతే. వెలుతురు కొలిచే ఈ మీటరుకు విడిగా స్విచ్ లేదు కాబట్టి, వాడనప్పుడు లెన్సు మీద మూత పెట్టడం మరిచిపోకూడదు.

యాషికా ఎఫ్‌ఎక్స్-3 సూపర్ 2000 తేలికైనది. దీని షట్టర్ స్పీడు 1/2000 దాకా వెళుతుంది. పైతొడుగు ఎండి ఊడిపోవడం దీనికి మామూలు జబ్బు. అది చూపుకే లోపం, పనికి కాదు, పైగా ధర తగ్గించమని అడగడానికి మంచి కారణం. నికాన్ ఎఫ్‌ఎం10 తీసుకుంటే నికాన్ పాత మాన్యువల్ లెన్సులు చాలావరకు పనికొస్తాయి. ఎఫ్‌ఎం2 గొప్ప కెమెరాయే గాని, గిరాకీ వల్ల ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. సోవియట్ జెనిట్-ఇ మొరటుగా, బరువుగా ఉంటుంది. కానీ దానితో వచ్చే 58 ఎం.ఎం. హీలియోస్ లెన్సు కోసమే వెతికి కొనేవాళ్ళున్నారు. దాని సెలీనియం మీటరుకు బ్యాటరీ అక్కర్లేదు. అయితే ఇన్నేళ్ళ తర్వాత ఆ మీటరు నీరసించి ఉండొచ్చు.

రెండు పేరున్న కెమెరాల విషయంలో జాగ్రత్త. 1976లో వచ్చిన కానన్ ఏఈ-1 అందమైనదే, కానీ దాని షట్టరు ఎలక్ట్రానిక్. 6 ఓల్టుల బ్యాటరీ లేకపోతే కదలదు. బటన్ నొక్కినప్పుడు కీచుమని శబ్దం వస్తే లోపల నూనె ఎండిపోయిందని అర్థం. ఒలింపస్ ఓఎం-1 మెకానికల్ కెమెరాయే. కానీ దాని మీటరు 1.35 ఓల్టుల పాదరసం బ్యాటరీకి తగ్గట్టు చేసింది. ఆ బ్యాటరీలు ఇప్పుడు మార్కెట్లో లేవు. మామూలు 1.5 ఓల్టుల బ్యాటరీ వేస్తే మీటరు తప్పు చెబుతుంది.

ఇంట్లో ఇప్పటికే కానన్ ఇఎఫ్ లెన్సులుంటే, 1987 తర్వాత వచ్చిన ఈఓఎస్ ఫిల్మ్ కెమెరాల్లో ఏదైనా చవగ్గా చూసుకోవచ్చు. అదే లెన్సు సరిపోతుంది, ఆటోఫోకస్ ఉంటుంది. అయితే లోపలి సర్క్యూటు పోతే బాగుచేయించడం కష్టం.

కొనేముందు చేతిలోకి తీసుకుని

పెళ్ళి ఫొటోగ్రాఫర్లు డిజిటల్‌కు మారాక, ఊరూరా పాత స్టూడియోల అలమరల్లో ఈ కెమెరాలు ఉండిపోయాయి. బంధువుల బీరువాల్లోనూ ఉంటాయి. ఢిల్లీ చాందినీ చౌక్‌లోని కూచా చౌదరి మార్కెట్ వంటి చోట్ల వరసగా కెమెరా దుకాణాలే కనిపిస్తాయి. ఎక్కడ కొన్నా, చేత్తో పట్టుకుని పరీక్షించి కొనడమే క్షేమం. విదేశాల నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

ముందు లెన్సు విప్పి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి రెండోవైపు నుంచి చూడండి. నాలుగు దుమ్ము రేణువులుంటే ఫర్వాలేదు. సాలెగూడు పోగుల్లా తెల్లటి గీతలు పాకి ఉంటే అది బూజు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీరపు ఊళ్ళలో వాడిన లెన్సులకు ఇది పెద్ద శత్రువు. ముదిరితే గాజు పైపూతను తినేస్తుంది. తుడిచినా ఆ మచ్చ పోదు. అపర్చర్ రేకుల మీద నూనె మెరుస్తుంటే, అవి మెల్లగా కదిలి ఎక్స్‌పోజర్ చెడగొడతాయి.

తర్వాత షట్టరు. వెనక తలుపు తెరిచి, ఒక సెకనుకు పెట్టి నొక్కండి. తెర మూసుకునేసరికి నిజంగా సెకను పట్టాలి. అక్కణ్ణుంచి ఒక్కో మెట్టు పెంచుకుంటూ 1/1000 దాకా వినండి. ప్రతి మెట్టుకూ శబ్దం కురచ కావాలి. సెకను దగ్గర సాగదీస్తూ పోయినా, మధ్యలో ఆగినా లోపలి నూనె గట్టిపడిందన్నమాట. ఇక లెన్సు తీసేసి కెమెరాను తెల్లటి గోడకేసి పట్టుకుని, వెనక నుంచి చూస్తూ 1/1000లో నొక్కితే చట్రమంతా ఒక్క క్షణం వెలగాలి. ఒక అంచు చీకటిగా ఉండిపోతే ఆ కెమెరా వదిలేయండి. తెరలను మాత్రం వేలితో తాకొద్దు.

వెనక తలుపు గాడిలోని నల్ల ఫోమును గోటితో తట్టండి. జిగటగా వేలికంటితే అది కుళ్ళిపోయింది. రీలు మీద వెలుగు చారలు పడతాయి. ఇది భయపడాల్సిన లోపం కాదు, కొద్ది ఖర్చుతో కొత్తది వేయించవచ్చు. బ్యాటరీ గదిలో ఆకుపచ్చ చిలుము చూసుకోండి.

చివరిగా మీటరు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐఎస్ఓ 200కి పెట్టి, అపర్చర్ ఎఫ్/16, స్పీడు 1/250 ఉంచి ఎండ పడుతున్న పచ్చగడ్డిని చూడండి. ముల్లు మధ్యకు దగ్గరగా ఉండాలి. ఇది మీటరు పరీక్షే కాదు, ఈ విద్యలో మొదటి పాఠం కూడా. ఎండలో ఎఫ్/16 పెట్టి, షట్టర్ స్పీడును ఫిల్ము ఐఎస్ఓకి దగ్గరగా ఉంచితే ఎక్స్‌పోజర్ సరిపోతుంది. ఈ ఒక్క సూత్రం మనసులో నిలిస్తే మీటరు పాడైన కెమెరాతోనైనా బొమ్మ తీయవచ్చు.

కొన్నాక

తొలి రోజుల్లో లెన్సు 50 ఎం.ఎం. ఒక్కటి చాలు. ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 ఉన్నది చవగ్గా దొరుకుతుంది, ఇంట్లో వెలుతురు తక్కువైనా పనికొస్తుంది. రీలు ఎక్కించాక లీవరు తిప్పుతున్నప్పుడు ఎడమవైపు రీవైండ్ నాబ్ తిరుగుతోందో లేదో చూడండి. తిరిగితేనే ఫిల్ము కదులుతున్నట్టు. కలర్ నెగటివ్ ఫిల్ము వెలుతురు కాస్త ఎక్కువైనా ఓర్చుకుంటుంది, తక్కువైతే నీడల్లో వివరం పోతుంది. సందేహం వస్తే ఒక మెట్టు ఎక్కువే ఇవ్వండి. బ్లాక్ అండ్ వైట్ అయితే ఇంట్లోనే కడగొచ్చు. సాధారణంగా రసాయనం 20 డిగ్రీల దగ్గర ఉండాలంటారు. మన వేసవిలో కుళాయి నీళ్ళు అంతకన్నా చాలా వేడి కాబట్టి, సీసాను ఐసు నీళ్ళ బేసిన్‌లో ఉంచి చల్లబరచుకోవాలి.

ల్యాబులో ఇస్తే స్కాన్లతో ఊరుకోకుండా నెగటివ్‌లు అడిగి తీసుకోండి. అమ్మానాన్నల పెళ్ళి నెగటివ్‌లు చెమ్మ తగలకుండా దాచి ఉంటే ఇవాళ కూడా కొత్త ప్రింట్లు వేయించుకోవచ్చు. ఫైలు తెరిచే సాఫ్ట్‌వేర్ అక్కర్లేకుండా, కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కనిపించే బొమ్మ అది. కెమెరాను తోలు సంచిలో మూసిపెట్టకుండా, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో ఉంచండి.

ఇంత శ్రమ ఎందుకంటే, 36 బొమ్మలకే పరిమితమైన రీలు చేతిలో ఉన్నప్పుడు వెలుతురు ఎటు నుంచి వస్తోంది, ఏది చట్రంలో ఉండాలి, ఏది తీసేయాలి అన్న మూడు నిర్ణయాలూ నొక్కకముందే తీసుకోక తప్పదు. ఫొటోగ్రఫీలో నేర్చుకోవలసింది ముఖ్యంగా అదే. ఏడాదిపాటు ఒకే కెమెరా, ఒకే 50 ఎం.ఎం., ఒకే రకం ఫిల్ము వాడండి. ప్రతి బొమ్మకూ అపర్చర్, స్పీడు ఒక నోటుబుక్కులో రాసుకోండి. మిగతావేవీ మారవు కాబట్టి, కడిగి వచ్చిన రీలును ఆ అంకెల పక్కన పెట్టుకుంటే పొరపాటు ఎక్కడ జరిగిందో తేలిపోతుంది. ఆ తర్వాత ఇంకో కెమెరా కావాలనిపిస్తే కొనండి. అప్పటికి అది దేనికి కావాలో ఎవరినీ అడగాల్సిన పని ఉండదు.