మొప్పల మీద పద్దెనిమిది కొక్కేలు

నదీముఖాల్లో తిరిగే మల్లెట్ చేప మొప్ప ఒకటి కోసి, నీళ్లలో పరిచి మైక్రోస్కోప్ కింద పెడితే, ఎర్రటి రేకుల సందుల్లో తెల్లటి నలుసులు సాగుతూ ముడుచుకుంటూ కనిపిస్తాయి. మిల్లీమీటరు లోపు చదును పురుగులు. ఒళ్లంతా మెత్తన. కాస్త నొక్కితే చాలు, ఆకారం మారిపోతుంది. మారనివి ముఖ్యంగా రెండు: చేపను పట్టుకునే కొక్కేలు, సంయోగానికి పనికొచ్చే సన్నని గొట్టం. లిగోఫోరస్ అనే ప్రజాతి అంతా వీటి ఆధారంతోనే నిలబడింది.

1890లో పరోనా, పెరూజియా ఇలాంటి పురుగొకదానికి వాన్‌బెనెడెనీ అని పేరు పెట్టారు. ఆ తర్వాత మల్లెట్ మొప్పల మీద ఏది దొరికినా ఆ పేరే తగిలించడం అలవాటైపోయింది. 1977లో లూయీ యూజే, సురియానో ఆ మూట విప్పారు. మధ్యధరా మల్లెట్లు ఒక్కొక్కదాన్నీ పట్టి చూసి, జాతులు వేరు చేసి, కొత్త ప్రజాతి కట్టారు. ఒకే రకం చేప మీద దొరికిన రెండింటికి వాళ్లు పెట్టిన పేర్లు చూడండి: కన్‌ఫ్యూసస్, ఇమిటాన్స్. ఒకటి తికమకది, ఇంకొకటి అనుకరించేది! ఎంత తల పట్టుకుని ఉంటారో.

పని ఎంత సున్నితమో కొక్కేల దగ్గర తెలుస్తుంది. పెద్దవి రెండు జతలు, ఒక్కో జతకూ ఓ అడ్డపట్టీ. కడుపు వైపు పట్టీకి నడిమధ్యన ముందుకు పొడుచుకొచ్చిన రెండు బుడిపెలు. చుట్టూ పద్నాలుగు చిట్టి కొక్కేలు. ప్రతిదాన్నీ మైక్రాన్లలో కొలవాలి, గీయాలి. అమోనియం పిక్రేట్, గ్లిజరిన్ కలిపిన ద్రావణంలో పెడితే కొక్కేలు గీత గీసినట్టు తేలతాయి గానీ లోపలి అవయవాలు సరిగా మిగలవు. అందుకే వాటికోసం ఇంకో పురుగును రంగు వేసి సిద్ధం చేయాలి. ఇంత ఓపిక నాకైతే లేదు.

ఒకే చేప మీద ఇన్ని దగ్గరి చుట్టాలేమిటి? వేరుపడటానికి కొత్త చేపకు దూకాల్సిన పనే లేదని, ఒకే ఇంట్లో వేరు కాపురాలు పెట్టిన సందర్భాలూ ఉంటాయని నా అనుమానం. ఒక మొప్ప మీదే ఉన్నా, సంయోగ గొట్టాల ఆకారం కలవకపోతే సంకరం కుదరదు కదా.

వలసలు మాత్రం మనుషులు చేయించినవీ ఉన్నాయి. 1970, 80 దశకాల్లో దూరప్రాచ్యం నుంచి ఒక మల్లెట్‌ను అజోవ్ సముద్రానికి తెచ్చారు. ఈ పురుగులకు మధ్యలో మరో జంతువు ఆశ్రయం అక్కర్లేదు, చేప ఒక్కటి చాలు. అలా వెంట వచ్చినవాటిలో ఒకదానికి 2004లో సరబీవ్, బల్బువేనా పిలెంగాస్ అని పేరు పెట్టారు. అది అక్కడివాళ్లు ఆ చేపను పిలిచే పేరే. పుట్టిల్లు తూర్పు తీరం, బారసాల అజోవ్ ఒడ్డున.