విరగడానికే పుట్టిన పన్ను

మిక్సీ జారులో గట్టి కొబ్బరి ముక్క ఇరుక్కుంటే చాలాసార్లు మోటారు మాడదు, కప్లర్ పళ్ళు తెగుతాయి. వీధి చివరి షాపులో ఇంకోటి వేయించుకుని పచ్చడి సంగతి చూసుకుంటాం. ఇంట్లో చిన్న లేత్ పెట్టుకుని పనిచేసేవాళ్ళకూ ఈ బాధ ఉంది గానీ, వాళ్ళ విడిభాగం అంత సులువుగా దొరకదు. చైనాలో తయారై రకరకాల పేర్లతో ప్రపంచమంతా అమ్ముడయ్యే మినీ లేత్‌లలో చాలావాటికి ఛేంజ్ గేర్లు ప్లాస్టిక్‌వే, కొన్నింటికి హెడ్‌స్టాక్ లోపలి గేర్లు కూడా. టూలు లోహంలోకి దిగబడి చక్ ఒక్క ఉదుటున ఆగిపోతే ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. ఆ తెగేది ఈ గేరే.

చవక సరుకు అని తిట్టుకోవడం తేలిక. కానీ ప్లాస్టిక్ గేరు చప్పుడు తక్కువ చేస్తుంది, నూనె పెద్దగా అడగదు, అన్నిటికన్నా ముఖ్యంగా మిషన్‌కు ఫ్యూజులా పనిచేస్తుంది. దాని స్థానంలో ఉక్కు గేరు వేసేసి మీసం మెలేసేవాళ్ళు ఉన్నారు. తర్వాతిసారి చక్ బిగుసుకుంటే ఆ దెబ్బ షాఫ్టు కీకో, మోటారుకో, స్పీడ్ కంట్రోల్ బోర్డుకో తగులుతుంది. ఈ తగవులో నేను ప్లాస్టిక్ పక్షం. బాగుచేసినా ఆ బలహీనతను దానికి ఉంచాల్సిందే.

ఇంటి షెడ్డులో లేత్ పని చేసే సంప్రదాయానికి ఇంగ్లండులో లోతైన వేళ్ళున్నాయి. పెర్సివల్ మార్షల్ 1898లో మొదలుపెట్టిన ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక చుట్టూ తరాల తరబడి ఔత్సాహికులు చిన్న చిన్న ఆవిరి యంత్రాలు చేసుకుంటూ, వాటికి కావలసిన గేర్లనూ తామే కోసుకున్నారు. పోతయినుప గేరులో పన్ను పోతే వాళ్ళ మందు సూటిగా ఉండేది: పన్ను మొదట్లో వరుసగా బెజ్జాలు వేసి, మరలు చెక్కి, ఉక్కు స్టడ్లు బిగించి, వాటిని ఆకురాయితో పన్ను ఆకారానికి తేవడం. ప్లాస్టిక్ దగ్గర ఈ మందు సరిగా పనిచేయదు. పలచటి అంచులో మర గట్టిగా పట్టదు.

జిగురూ పట్టదు. ఫెవిక్విక్, ఆరల్డైట్, ఎం-సీల్ ఏది పెట్టినా నైలాన్, అసిటాల్ అనే ఈ రెండు గేరు ప్లాస్టిక్‌ల నున్నటి ఒంటి మీద నిలవడం కష్టం. గట్టిపడ్డాక చూస్తే అతికినట్టే ఉంటుంది, పది తిప్పులకు ఊడి పెట్టె అడుగున పడుతుంది. కాబట్టి కొత్త పన్నును అతికించే ఆలోచన మానేసి, గాడిలో ఇరికించాలి.

ముందు కొలత. పళ్ళు లెక్కపెట్టి దానికి రెండు కలపండి. గేరు బయటి వ్యాసాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే పన్ను సైజు చెప్పే అంకె, మాడ్యూల్, వస్తుంది. 40 పళ్ళ గేరు వెర్నియర్ మీద 42 మిల్లీమీటర్లు చూపిస్తే మాడ్యూల్ 1, పళ్ళ మధ్య సందు లోతు దాదాపు 2.25 మిల్లీమీటర్లు. అదే 40 పళ్ళ గేరు 53.34 చూపిస్తే మాడ్యూల్ 1.27 అని వింత అంకె వస్తుంది. అప్పుడు అది అంగుళాల లెక్కలో కోసిన గేరని అర్థం. పన్ను విరిగిన చోట కొలిచి తికమక పడేవాళ్ళున్నారు. రెండు కొసలా నిండు పళ్ళున్న అడ్డకొలతే తీసుకోవాలి.

ఇక అసలు పని. విరిగిన పళ్ళ మొదళ్ళను తీసేసి, ఆ చోట గేరు అంచు అడ్డంగా డవ్‌టెయిల్ గాడి కోయాలి. పైన ఇరుకు, అడుగున వెడల్పు. సన్న రంపం, మూడు పలకల ఆకురాయి ఉంటే చాలు. అదే ప్లాస్టిక్ ముక్కను ఆ ఆకారానికి చెక్కి పక్కనుంచి బిగువుగా తోస్తే పైకి ఊడిరాదు. పక్కకు జారకుండా అతుకు మీద సన్నటి ఇత్తడి పిన్ను దింపాలి. పళ్ళ కింద కనీసం పన్ను ఎత్తంత మందమైనా లేని గేరుకు ఈ వైద్యం వద్దు. దానికి కొత్త గేరు కోసుకోవడమే మేలు.

పన్ను కోయడానికి రెడీమేడ్ కట్టర్లున్నాయి. పళ్ళ సంఖ్యను బట్టి సందు ఆకారం మారుతుంది కనుక మామూలు సెట్టులో ఒక్కో మాడ్యూల్‌కు ఎనిమిది కట్టర్లు. 35 నుంచి 54 పళ్ళ దాకా ఒకే కట్టరు. రెండు పళ్ళ కోసం అంత ఖర్చెందుకు? చిన్న హెచ్.ఎస్.ఎస్. బిట్‌ను గ్రైండర్ మీద కొంచెం కొంచెం అరగదీస్తూ, గేరులోని మంచి సందులో పెట్టి వెలుతురుకు ఎత్తి చూడాలి. ఎక్కడా సన్నటి వెలుగు గీత కూడా కనబడకపోతే టూలు సిద్ధం. పన్ను వాలు 20 డిగ్రీలా, పాత గేర్లలో ఉండే 14.5 డిగ్రీలా అన్న ప్రశ్నే రాదు, సందే జవాబు చెప్పేసింది.

గేరును సమాన భాగాలుగా తిప్పిపెట్టే డివైడింగ్ హెడ్ కూడా అక్కర్లేదు. గేరును మాండ్రెల్ మీద ఎక్కించి చక్‌లో పట్టి, ఎదుటి వైపు మంచి సందులో కొనదేలిన పట్టీ ఒకటి ఇరికిస్తే స్పిండిల్ కదలదు. ముందు టూలును ఇంకో మంచి సందులో సరిగ్గా కూర్చోబెట్టుకుని, ఆ తర్వాత పట్టీని ఒక్కో సందూ జరుపుతూ కొత్త ముక్క దాకా రావాలి. టూలును పడుకోబెట్టి, క్యారేజీని చేత్తో ముందుకూ వెనక్కూ తోస్తూ పలచటి పొరలుగా గీరాలి. ఉక్కుకు ఇలా చేయాలంటే చేతులు పడిపోతాయి, ప్లాస్టిక్ మాత్రం లొంగుతుంది. చమత్కారమేమిటంటే, ఈ కోతకు మోటారు తిరగనక్కర్లేదు. హెడ్‌స్టాక్ గేరు విరిగి మూలపడ్డ లేత్ తన పన్నును తానే కోసుకోగలదు. టూలు మొద్దుబారితే నైలాన్ తెగకుండా పక్కకు వంగుతుంది, వేడెక్కితే ఉబ్బుతుంది. అందుకే చల్లారాకే కొలవాలి.

మంచి పళ్ళ మీద మైనం రాసి, ఎపాక్సీ పుట్టీతో అచ్చు తీసి, విరిగిన చోట పెట్టి ఎపాక్సీ పోసే పద్ధతి కూడా ఉంది. అంచుకు అడ్డంగా బెజ్జాలు వేస్తే ఎపాక్సీ వాటిలోకి పారి రివెట్టులా పట్టుకుంటుంది. బరువు పడని చోట్ల ఫరవాలేదు. ఏటవాలు పళ్ళ గేరయితే మాత్రం ఇంటి లేత్ జోలికి పోకుండా కొత్తది వెతుక్కోవడం నయం.

పళ్ళన్నీ ఉండి కూడా టక్ టక్ మని కొట్టుకునే చిన్న గేర్లది వేరే జబ్బు. ఉక్కు షాఫ్టు మీద బిగువుగా దిగగొట్టిన ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి ఆ లాగుడు భరించలేక రెండు పళ్ళ మధ్య చీలుతుంది. అక్కడ సందు వెడల్పై, తిప్పు తిప్పుకూ అవతలి పన్ను తగులుతుంది. బెజ్జాన్ని కాస్త పెద్దది చేసి, లోపల ఇత్తడి బుష్ వేస్తే చీలిక మూసుకుంటుంది.

బాగుచేసిన గేరును తిరిగి బిగించేటప్పుడు పళ్ళ మధ్య పలచటి కాగితం ముక్క పెట్టి దగ్గరికి నొక్కి, నట్లు బిగించాక లాగేయాలి. ఆ కాస్త సందు తప్పనిసరి, నైలాన్ గాలిలో తేమ పీల్చి ఉబ్బుతుంది కనుక వానాకాలంలో మరీను. అరగదీసిన బిట్‌ను పారేయకుండా మాడ్యూల్, పళ్ళ సంఖ్య రాసిన చీటీ కట్టి దాచుకోండి. మిగతా 38 పళ్ళూ పాతవే మరి.