జాంగో మార్గదర్శినిలో సగటుల ప్రకరణము: గుణదోష విచారణ

జాంగో అను వెబ్ ఫ్రేమ్‌వర్కు 2005లో వెలువడినది. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రమందలి లారెన్సు పట్టణమున, ఒక వార్తాపత్రిక కార్యాలయములో ఇది పుట్టినది. పట్టికలలోని అంకెలకు మొత్తము, సగటు కట్టు సదుపాయము 2009లో 1.1వ కూర్పుతో దీనికి చేరినది. దానిని బోధించు ప్రకరణము అధికార మార్గదర్శినిలో గలదు. పైథాన్ నేర్చు మన విద్యార్థులును దానినే చదువుదురు గనుక దాని మంచిచెడ్డలు విచారింపదగియున్నవి.

ఉదాహరణము చక్కగా ఎన్నుకొనబడినది. రచయితలు, ప్రకాశకులు, పుస్తకములు, దుకాణములు అను నాలుగు పట్టికలు మాత్రమే. ఒక పట్టికనుండి వేరొక పట్టికకు పోవు దారిని రెండు అడ్డగీతలతో సూచించినచో చాలును. కలుపుట యంత్రము పని.

ప్రకరణములో మిక్కిలి మెచ్చదగిన భాగము వరుసక్రమమును గూర్చినది. మొదటి ప్రకాశకుని పుస్తకముల విలువలు 4, 5, రెండవవానివి 1, 4, మూడవవానిది 1. ముందు సగటు కట్టి, పిమ్మట 3కు మించిన పుస్తకము గలవారిని ఏరినచో రెండవవాని సగటు 2.5. ముందు పుస్తకములను ఏరి పిమ్మట కట్టినచో 4. రెండును సరియైనవే, ప్రశ్నలే వేరు. ఇదే అంకెలతో మరియొక పాఠమును చెప్పియుండవచ్చును. ముగ్గురి సగటులైన 4.5, 2.5, 1లకు మరల సగటు కట్టిన సుమారు 2.67 వచ్చును, ఐదు పుస్తకముల నిజమైన సగటు 3. మన పాఠశాలలలో సెక్షనుల సగటులకు సగటు కట్టు అలవాటు లేకపోలేదు!

ఇక దోషము. ఇద్దరు రచయితలు, మూడు దుకాణములు గల పుస్తకమునకు రెండు లెక్కలు ఒకేసారి అడిగినచో రెండింటికిని 6 వచ్చునని మార్గదర్శిని హెచ్చరించినది. మంచిదే. కాని 6 అను తప్పు కంటికి కనబడును. సగటులోని తప్పు కనబడదు. ఒక తరగతిలో ఇద్దరే బాలురనుకొందము. 90 మార్కుల బాలుడు ఒక ఆట, 50 మార్కుల బాలుడు మూడు ఆటలు ఆడును. తరగతివారీ మార్కుల సగటును, ఆటల లెక్కను ఒకే ప్రశ్నలో అడిగినచో రెండవవాని మార్కు మూడుసార్లు లెక్కకు వచ్చి, సగటు 70కి బదులు 60 అగును. 60ని చూచి అనుమానపడు ప్రధానోపాధ్యాయుడెవ్వడు?

2019 నాటి 3.0వ కూర్పునుండి సగటునకును 'డిస్టింక్ట్' అను షరతు పెట్టవచ్చును. అది మందు కాదు. 40, 40, 70 మార్కుల సగటు 50. ఆ షరతు ఒక 40ని తొలగించి 55 చూపును. అది విలువలను పోల్చునే గాని విద్యార్థులను పోల్చదు.

చాలా ప్రమేయములకు ఈ చిక్కును తప్పించు మార్గము లేదని ఆ హెచ్చరికలో వ్రాయుట సమంజసము కాదు. 2017లో 1.11వ కూర్పుతోనే ఉపప్రశ్నలు వచ్చినవి. ప్రతి సగటును విడిగా కట్టించి, ఫలితములను మాత్రమే ప్రక్కప్రక్కన చేర్చవచ్చును. సందేహము కలిగినచో యంత్రము తయారుచేసిన ఎస్‌క్యూఎల్ వాక్యమును చూడుమని మార్గదర్శిని సలహా. ఎస్‌క్యూఎల్ ఎరుగనివానికి అది అక్కరకు రాదు. అట్టివాడు, పైన చూపినట్లు ఇద్దరు విద్యార్థుల పట్టిక కట్టి, చేతిలెక్కతో పోల్చి చూచుకొనవచ్చును.