దండులోని మారుపేర్లు

సైనికునకు ఉడుపు, ఆయుధము, అన్నము, నడక, నిద్ర సమస్తమును పైవారి యాజ్ఞ చొప్పుననే లభించును. ఉత్తరువుతో నిమిత్తము లేక వచ్చి చేరునవి రెండే రెండు: తన దళమునకొక మారుపేరు, తన శిబిరమునకొక పెంపుడు జంతువు. యుద్ధచరిత్రలు చదువునపుడు వ్యూహపటములకంటె ముందు వీనినే వెదకుట నాకు చిరకాలపు టలవాటు; ఏలయన, సేనాపతుల నివేదికలలో చిక్కని మనస్సు వీనియందు చిక్కును.

మారుపేరు తరచుగా శత్రువు నోటనే పుట్టును. 1941లో లిబియా తీరమున టోబ్రుక్ రేవును కాచుచు, పగలెల్ల కందకములలో దాగి, రాత్రివేళ వెలువడి ఎదిరిపై బడుచుండిన ఆస్ట్రేలియా సైనికులను జర్మనుల రేడియో, బోనులో చిక్కిన ఎలుకలని ఎగతాళి చేసెను. వారందులకు కోపింపక, ‘టోబ్రుక్ ఎలుకల’మని తామే చాటుకొనిరి, అంతటితో నాగక, కూల్చిన జర్మను విమానపు లోహముతో ఎలుక బొమ్మగల పతకములు చేసికొనిరి. ఏ ప్రభుత్వమును ఈయని ఆ పతకములతో వారు తిట్టునే తురాయిగా ధరించిరి.

మన తెలుగువారికిని ఇందొక వింత పాలున్నది. 1756లో క్లైవు చెన్నపట్నమునుండి వంగదేశమునకు ఓడలపై కొనిపోయిన సిపాయిలలో తెలుగు సీమవారుండుటచే, ఉత్తరాది ప్రజలు క్రమముగా కుంఫిణీ సిపాయినెల్ల ‘తిలంగా’ అనసాగిరి. పిమ్మట అవధ్, బీహారు సీమలవారు ఆ కొలువున నిండిపోయినను పేరు మాఱలేదు; 1857లో ఢిల్లీ ప్రవేశించిన తిరుగుబాటు సిపాయిలను, తెలుగు నేల మొగమెఱుగనివారిని సైతము, నగరవాసులు తిలంగాలనియే పిలిచిరి. 1803 నాటి అస్సయీ యుద్ధమునకు గుర్తుగా లభించిన ఏనుగు నేటికిని మద్రాసు రెజిమెంటు చిహ్నమున నున్నది. అది పైనుండి దిగివచ్చిన గౌరవము, తిలంగా యన్నది వీథిలో పుట్టిన పేరు.

జంతువుల కథ మఱింత ఆర్ద్రమైనది. సోవియట్ నిర్బంధమునుండి విడుదలయై 1942లో ఇరాను చేరిన పోలెండు సైనికులు, ఒక బాలుని యొద్ద తల్లిలేని ఎలుగుపిల్లను కొని, వొయ్‌టెక్ అని పేరిడి, ఖాళీ వోడ్కా సీసాలో డబ్బాపాలు పోసి త్రాగించి పెంచిరి. ఇల్లును, ఆలుబిడ్డలను, దేశమును ఎడబాసిన ఆ మనుష్యులకు సాకుటకొక ప్రాణి కావలసివచ్చెను. ఇటలీకి పోవు ఓడలో జంతువులకు చోటు లేదనగా, దానిని 22వ ఫిరంగి సరఫరా దళమున సిపాయిగా నమోదు చేయించిరి. 1944లో మోంటే కస్సీనో యొద్ద అది మందుగుండు పెట్టెలు మోసెనని వారు చెప్పుకొనిరి; ఫిరంగి గుండును మోయుచున్న ఎలుగే ఆ దళమునకు చిహ్నమైనది. యుద్ధానంతరము ఎడింబరో జంతుప్రదర్శనశాలలో 1963లో మరణించువఱకు దానిని పాత సహచరులు వచ్చి పోలిష్ భాషలో పలుకరించుచుండిరి.

బ్రిటిషు సేనలోని రాయల్ వెల్ష్ పటాలమున బిల్లీ యను మేకపోతునకు లాన్స్ కార్పొరల్ హోదా యుండెను. 2006లో సైప్రస్ దీవిలో, రాణి జన్మదినోత్సవపు కవాతునందు, అది వరుస తప్పి డోలు వాయించువారిని కుమ్మబోయినది. అధికారులు విచారించి హోదా తగ్గించిరి. దానితో సామాన్య సైనికులు అది యెదురైనపుడు నిటారుగా నిలిచి గౌరవింప నక్కఱలేకపోయెను. మూడు నెలల సత్ప్రవర్తనకు పిమ్మట హోదా మరల దక్కినది. ఇది హాస్యమే, కాని ఒక్కరును నవ్వక జరుపు హాస్యము. శిక్షకును హోదాకును కట్టువడి బ్రతుకువాడు ఆ కట్టునే మేక మెడకు తగిలించి, తన పాటును కొంత తేలిక చేసికొనుచున్నాడు.

పరాక్రమమును పైవారు గుర్తింపగలరు, బిరుదములీయగలరు. ఆప్యాయతను మాత్రము ఉత్తరువుచే పుట్టింపలేరు. కార్యాలయమున కల్పించిన సింహశార్దూల నామములు అనేకము కాగితములమీదనే గర్జించును గాని కంఠముల కెక్కవు. కావున ఒక దళము ఎట్టి యుద్ధము చేసినదో తెలియగోరువారు పతకములు లెక్కింపవచ్చును. ఎట్టి మనుష్యులు ఆ యుద్ధము చేసిరో తెలియగోరువారు మాత్రము, వారు దేనిని జూచి నవ్విరో, దేనికి పాలు పోసిరో విచారింపవలెను.