జార్జి స్టబ్స్ చిత్రములందు భయానకము

భయానకరసమునకు ఉదాహరణముగ అభినవగుప్తుడు మనుష్యుని గాక లేడిని గ్రహించెను. శాకుంతల ప్రథమాంకమున మెడ త్రిప్పి వెనుకకు జూచుచు పరుగెత్తు నా లేడి భయము దేశకాలములను వీడి సహృదయునకు గోచరించునని ఆయన మతము. ఈ సూత్రము చిత్రకళకు ఎంతవఱకు వర్తించునో పరీక్షించుటకు ఆంగ్ల చిత్రకారుడు జార్జి స్టబ్స్ (1724-1806) తగినవాడు.

స్టబ్స్ హార్క్‌స్టో గ్రామమున సుమారు పదునెనిమిది నెలలు గుఱ్ఱపు కళేబరములను కోసి పరిశీలించి, 1766లో అశ్వశరీర నిర్మాణ గ్రంథమును ప్రకటించెను. కావుననే ఆయనను ఎముకలు, కండరములు ఎఱిగిన చిత్రకారుడుగ మాత్రమే పలువురు పేర్కొందురు. అది అసమగ్రము. సింహము వాతబడిన గుఱ్ఱమును ఆయన సుమారు ముప్పదియేండ్లు మరల మరల చిత్రించెను. మొరాకోలో అట్టి దృశ్యమును కన్నులార జూచెనను కథ కలదు, నేను విశ్వసింపను. 1754లో రోమునకు బోయిన ఆయనకు కాపిటోలు కొండపైని ప్రాచీన శిల్పమే మూలమనుట యుక్తము. రాగి రేకుపై ఎనామెలుతో 1769లో రచించిన చిత్రమున గుఱ్ఱము మెడ త్రిప్పి, నోరు తెఱచి, తన వీపు నంటిన మృత్యువును జూచుచున్నది. శాకుంతలములోని లేడికి ఇది సజాతీయము. అభినవగుప్తుని సూత్ర మిచట చక్కగ అన్వయించును.

మాంచెస్టరు చిత్రశాలలోని చీతా చిత్రము (సుమారు 1765) అట్లు లొంగదు. చెన్నపట్టణపు గవర్నరుగ నుండిన జార్జి పిగట్ మూడవ జార్జి రాజునకు కానుకగ నొసగిన చీతా యది. 1764లో విండ్సరు వనమున దానిని దుప్పిపైకి విడువగా, దుప్పి కొమ్ములతో త్రోసివేసెను, చీతా పాఱిపోయెను. స్టబ్స్ ఆ పరాభవమును గాక, విడుచుటకు ముందరి క్షణమును చిత్రించెను. కనుల గంత నుదుటిపైకి లాగబడినది. నడుమున ఎఱ్ఱని పట్టీ. దానిని ఒక భారతీయ సేవకుడు పట్టుకొనియున్నాడు. మఱియొకడు చేయి చాచి దుప్పిని జూపుచున్నాడు. దుప్పి కదలక నిలిచియున్నది.

పరుగు లేదు, మెడవంపు లేదు. దుప్పియందు భయానుభావ మొక్కటియు కానరాదు. క్రూరమృగమునకే వేటను వ్రేలు చాచి చూపవలసి వచ్చినది! హింసకు మూలము మృగముయొక్క ఆకలి కాదు, రాజవినోదము. సింహాశ్వ చిత్రములకంటె ఇది గొప్పదని నా నిర్ణయము. (పిగట్ 1777లో చెన్నపట్టణముననే నిర్బంధమునందు మరణించుటకు ఈ చిత్రముతో సంబంధము లేదు; అయినను దీనిని జూచినపుడెల్ల నాకది స్ఫురించును.)

సాధారణీకరణమునకు దేశకాల విస్మృతి కావలెను. ఇచట సేవకుల తలపాగలు, ఆ పట్టీ, ఆ గంత దేశకాలములను మఱవనీయవు. అయినను చిత్తము కంపించును. మఱవనీయకపోవుట వలననే కంపించును. లేడి దృష్టాంతముపై నిలిచిన సూత్రమును ఈ చిత్రమునకు యథాతథముగ నన్వయించుట పొరపాటని తలంచుచున్నాను.